పాతమొగ గాజుతొట్టె

నేను ఒక గాజుతొట్టెను. కాకినాడలో వంతెన దిగువన ఒక సందులో, జానీబాషా అనే అద్దాల పనివాడి చేతుల మీదుగా పుట్టాను. పుట్టడమంటే పెద్ద ఆర్భాటమేమీ లేదు. పలకలు కోసి, అంచులు రుద్ది, జిగురు పూసి, చుట్టూ తాడు బిగించి గోడవార ఆరబెట్టడమే. పక్క పలకలు నాలుగూ కొత్తవి. అడుగు పలక మాత్రం మూతపడిన బట్టలకొట్టు తలుపునుంచి వచ్చింది. దానిమీద 'పట్టుచీ' దాకా రాసి ఉన్న అక్షరాలను జానీబాషా బ్లేడుతో ఎంత గీకినా పూర్తిగా పోలేదు. జిగురు ఆరాక నన్ను నీళ్ళతో నింపి, చుట్టూ వేలితో తడిమి చూసి, "కారట్లేదు. ఇంక నీ అదృష్టం" అన్నాడు. నాతో ఒక మనిషి నేరుగా మాట్లాడటం అదే మొదలు. మళ్ళీ ఆ భాగ్యం కలగడానికి చాలా ఏళ్ళు పట్టింది.

నన్ను ఒక పళ్ళ డాక్టరు కొనుక్కున్నాడు. రోగులు కూర్చునే గదిలో, చెప్పులు విడిచే చోటికి ఎదురుగా నన్ను పెట్టి ఎర్రచేపలను వేశాడు. చేపలను చూస్తూ ఉంటే పంటినొప్పి మరిచిపోతారని ఆయన ఎక్కడో చదివాడట. మరిచిపోయేవాళ్ళో లేదో నాకు తెలియదు గానీ, చెంప పట్టుకుని కూర్చున్న మనిషి, చేప నోరు తెరిచి మూస్తూ ఉంటే తెలియకుండానే తన నోరూ తెరిచి మూసేవాడు. రోజంతా ముఖాలే ముఖాలు. ఒక్కరూ నన్ను చూసినవాళ్ళు కాదు. అందరూ చేపల్నే చూశారు. చేప చచ్చిపోతే ఇంకో చేప వచ్చేది. కొన్నాళ్ళకు గోడకు టీవీ వచ్చింది. అప్పట్నుంచి చేపలు చచ్చిపోయినా కొత్తవి రాలేదు. చివరి చేపను ఆయా చేత్తో తీసి బయట పారేసి, నన్ను మెట్ల కిందకు తోసింది. చీపుళ్ళు, తుడిచే గుడ్డలు, ఎవరో మరిచిపోయిన ఒంటి చెప్పు. నాలో అవే కాపురమున్నాయి.

సుభాషిణి టీచరు అక్కడే నన్ను చూసింది. ఆ రోజు ఆమె చివరి రోగి. దవడకు దూది పెట్టుకుని బయటికి వస్తూ మెట్ల దగ్గర ఆగి, వంగి, చీపుళ్ళను పక్కకు జరిపి నా అద్దం మీద గోటితో తట్టింది.

"డాక్టరుగారూ, ఇది మీకు అక్కర్లేదా?"

"అయ్యో, పట్టుకెళ్ళండి టీచరుగారూ. ఆ అడ్డం వదిలితే అదే పదివేలు. చేపలు పెంచుతారా?"

"కాదండి. పిల్లలకి పాఠానికి."

దూది మూలంగా ఆ మాట 'పాతానికి' అన్నట్టు వినిపించింది. డాక్టరు నవ్వాడు. ఆమె నవ్వలేకపోయింది.

ఆటోలో ఆమె ఒళ్ళో కూర్చుని నేను పాతమొగ చేరాను. ఏరు వచ్చి సముద్రంలో కలిసే చోటును ఆ వైపు వాళ్ళు మొగ అంటారు. దారిలో రొయ్యల చెరువులు, వాటి మధ్య గిరగిరా తిరిగే నీటిచక్రాలు. అవి దాటాక ఏటికి రెండు పక్కలా మిగిలి ఉన్న మడ అడవి. వేళ్ళు బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన పొట్టి చెట్లు. పోటు వేళకు సగం మునిగి, పాటు వేళకు బయటపడే చెట్లు. ఆ మడకు వెనక పాలెం, పాలెం మధ్యలో రేకుల కప్పు హైస్కూలు. జీవశాస్త్రం టీచరుగా సుభాషిణి అక్కడికి వచ్చి అప్పటికి ఏడాది దాటలేదు. భర్త పోయిన తర్వాత, పాత ఊళ్ళో కనిపించిన ప్రతివాళ్ళూ తల పక్కకు వంచి "ఎలా ఉన్నావమ్మా" అని అడుగుతూ ఉంటే భరించలేక, జాలి పడేవాళ్ళు లేని ఊరు కావాలని కోరి బదిలీ చేయించుకుంది. కోరుకున్నట్టే పాతమొగలో జాలి పడేవాళ్ళు దొరకలేదు. మాట్లాడేవాళ్ళూ దొరకలేదు. తక్కిన టీచర్లంతా సాయంత్రం బస్సుకు కాకినాడ వెళ్ళిపోయేవాళ్ళు. ఆమె పాలెంలోనే ఒక గది అద్దెకు తీసుకుని ఉండేది.

బళ్ళో ప్రయోగశాల అంటే మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు వేసే గది. అందులో కిటికీ పక్కన బల్ల మీద నన్ను పెట్టింది. మధ్యాహ్నాలు అక్కడే క్యారియరు విప్పుకునేది. మొదట్లో మౌనంగా తినేది. తర్వాత్తర్వాత, "ఇవాళ పప్పులో ఉప్పెక్కువైంది" అనో, "నిన్న రాత్రి మళ్ళీ కరెంటు లేదు" అనో అంటూ ఉండేది. గదిలో నేనూ బియ్యం బస్తాలూ తప్ప ఎవరూ లేరు గనక ఆ మాటలు నాతోనే అని నేను లెక్కేసుకున్నాను. బస్తాలు ఎలాగూ వారానికోసారి మారిపోతాయి.

ఒకనాడు తొమ్మిదో తరగతికి నదీముఖద్వారం పాఠం వచ్చింది. పుస్తకంలో ఒక బొమ్మ, బొమ్మ కింద నాలుగు వాక్యాలు. సుభాషిణి పుస్తకం మూసేసి, "దీన్ని మీ ఊళ్ళో ఏమంటారు?" అని అడిగింది.

"మొగ!" అని గదంతా అరిచింది.

"రోజూ కళ్ళతో చూసేదాన్ని బొమ్మలో చూడటమెందుకు? కట్టేద్దాం పదండి."

పిల్లలు ఏటి ఒడ్డునుంచి బంకమన్ను తెచ్చారు. నాలో ఒక కొసన ఎత్తుగా, రెండో కొసకు వాలుగా మెత్తి, మధ్యలో వేళ్ళతో ఏరు గీశారు. పల్లపు కొసన ఉప్పునీళ్ళు పోసి నీలిమందు కలిపారు. అది సముద్రం. ఏటికి రెండు పక్కలా కొబ్బరిపీచు కుచ్చులు గుచ్చారు. అది మడ. పీచు వెనక అగ్గిపెట్టెలు నిలబెట్టారు. అది పాలెం. ప్రతి పెట్టె మీదా ఎవరి పేరు వాళ్ళు రాసుకున్నారు. అడుగున 'పట్టుచీ' కనపడి ఒకడు నవ్వితే అందరూ నవ్వారు. మూతకు చిల్లులు పొడిచిన నీళ్ళసీసా వాన. దాన్ని పట్టుకునే హక్కు కోసం పోట్లాట జరిగి చివరికి సత్యవేణి గెలిచింది. ఆ పిల్ల తరగతిలో అందరికంటే పొడుగు, గొంతూ అందరికంటే పెద్దదే.

సత్యవేణి వాన కురిపించింది. నీళ్ళు వాలులో దిగి, పీచులోకి చేరి నెమ్మదించాయి. తెచ్చిన మన్నునంతా పీచు దగ్గరే వదిలి, బొట్లు బొట్లుగా సముద్రంలోకి దిగాయి. నీలం నీలంగానే ఉంది. సుభాషిణి చెక్క స్కేలుతో సముద్రం వైపునుంచి ఒక అలను నెట్టింది. అల పీచులోకి దూరి అక్కడే చల్లారింది. అగ్గిపెట్టెలు కదల్లేదు.

"చూశారా? ఇక్కడ నీళ్ళు తియ్యగానూ ఉండవు, పూర్తి ఉప్పగానూ ఉండవు. పీతకీ రొయ్యకీ పండుగప్పకీ పురిటిల్లు ఇదే. ఏరు తెచ్చే మట్టిని వడకట్టేదీ ఇదే, సముద్రం తోసే నీటిని తాగేదీ ఇదే. ఇప్పుడు ఇందులోకి ఒక లేఔటు వచ్చిందనుకుందాం. పీచు తీసెయ్యండి. గ్రావెల్ పోసి మెరక చేద్దాం. ఎవరు తెస్తారు?"

పిల్లలంతా సత్యవేణి వైపు తిరిగి నవ్వారు. ఎందుకంటే ఆ నెలల్లో నిజంగానే మొగ దగ్గర ఒక కంపెనీ మడను కొట్టించి, ఎర్రటి గ్రావెల్ పోయించి, ఇళ్ళస్థలాలు వేస్తోంది. ఆ గ్రావెల్ తోలే టిప్పరు డ్రైవరు సత్యవేణి నాన్న పోలరాజు. ఆ పిల్ల ఏమాత్రం చిన్నబుచ్చుకోకుండా, "మా నాన్న టిప్పర్లోది తెస్తానండి" అని పరుగెత్తి, టిఫిను డబ్బా మూతలో నిండుగా పట్టుకొచ్చింది. తనే పోసి, తనే అరచేత్తో చదును చేసింది. దానిమీద సిమెంటు రోడ్లకు గుర్తుగా పగిలిన గచ్చుపలకను పెట్టారు.

మళ్ళీ సత్యవేణే వాన కురిపించింది. ఈసారి నీళ్ళకు ఆగే చోటు లేదు. గచ్చుపలక మీద జారి, రెండు పక్కలా పరుగెత్తి, అగ్గిపెట్టెల మధ్యకు దూరాయి. గ్రావెల్ అంచు మొదట బీటలిచ్చింది, తర్వాత ముద్దగా విరిగి ఏట్లోకి జారింది. సముద్రం కళ్ళముందే ఎర్రబడింది. అగ్గిపెట్టెలు తేలి, తిరిగి, ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఎవరో కిసుక్కుమన్నారు. "ఒరేయ్, అది మా ఇల్లు" అని ఇంకెవరో అన్నారు. సత్యవేణి సీసా వంచే ఉంచింది.

"చాలమ్మా, ఆపు" అంది సుభాషిణి.

ఆ పిల్ల సీసా ఖాళీ అయ్యేదాకా ఆపలేదు. తన పేరున్న అగ్గిపెట్టె మునిగిపోవడం నా అద్దంలోంచి చూస్తూ నిలబడింది.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం, బడి వదిలాక పోలరాజు వచ్చాడు. ఖాకీ చొక్కా, జుట్టునిండా ఎర్రదుమ్ము. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"టీచరుగారండీ, మా పిల్ల నాతో మాటాడ్డం మానేసిందండి. ఏదన్నా కావాలంటే 'అమ్మా, నాన్నకి చెప్పు' అంటదండి. నేనెదురుగానే ఉంటానండి."

"ఏమైంది?"

"అది మిమ్మల్నడుగుదామనే వొచ్చానండి. తొట్లో ఏదో చూపించారంట గదా. నాకూ చూపించండి."

సుభాషిణి కొంగు బిగించి, మళ్ళీ మొదట్నుంచీ అంతా కట్టింది. మన్ను, పీచు, నీలిమందు, అగ్గిపెట్టెలు. పోలరాజు నా ముందు గొంతుకూర్చుని, ముఖం దగ్గరగా పెట్టి చూశాడు. అతని ఊపిరికి నా అద్దం మసకబారుతూ ఉంటే చొక్కా చేతితో తుడుచుకుంటూ చూశాడు. రెండోసారి వానకు గ్రావెల్ జారినప్పుడు అతని చెయ్యి దానంతటదే పైకి లేచి, బయటినుంచి నా అద్దాన్ని పట్టుకుంది, జారేదాన్ని ఆపుదామన్నట్టు.

"ఇంతేనా అండి?"

"ఇంతే."

"నిజం మొగ ఇంత సిన్నది కాదు గదండి."

"కాదు."

"ఇంతోటి వాన పడుద్దా అండి?"

"పడకపోవచ్చు పోలరాజుగారూ. పడనూవచ్చు."

అతను నేల చూశాడు. "నాకూ పడవుండేదండి. రొయ్యల చెరువులు తవ్వినప్పుడు సగం మడ మేవే కొట్టాం, కూలికెళ్ళి. ఆ తరవాత్నించి వలకి చేప తగ్గిపోయింది. పడవమ్మేసి బండి తోలడం నేర్చుకున్నా. ఇప్పుడు మిగిలిన సగం పూడుస్తన్నా. నేను మానేస్తే ఇంకోడు తోల్తాడండి. బండాగదు గదండి."

"మీరు తప్పు చేశారని నేను పిల్లలకి చెప్పలేదు."

"మీరు చెప్పలేదండి. తొట్టి చెప్పింది." లేచి, గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "ఒక్కమాట దానికి చెప్పండి టీచరుగారూ. వాళ్ళ నాన్న ఇళ్ళు ముంచేవోడు కాదని."

"అది మీరే చెప్పాలి."

"నాతో మాటాడితే గదండీ చెప్పేది."

అతను వెళ్ళాక సుభాషిణి దీపం వెయ్యకుండా, మసక వెలుతురులోనే నన్ను కడిగింది. మూలల్లో ఇరుక్కున్న ఎర్రమట్టిని పుల్లతో గీకుతూ, "నేనేం చెయ్యాల్సిందంటావు? పాఠం చెప్పకూడదా?" అంది. ఈసారి ఆ మాట నాతోనే అని సందేహం లేదు. జవాబు చెప్పే నోరు నాకు లేదు. ఆమెను అడిగేవాళ్ళు, ఆమె అడగదగ్గవాళ్ళు, ఆ ఊళ్ళో నేను తప్ప లేరు. ఒక మనిషి ఒంటరితనం ఎంతటిదో నాకు ఆ సాయంత్రం తెలిసింది.

తర్వాత బడికి బెంచీలు వచ్చాయి. లేఔటు కంపెనీవాళ్ళు బహూకరించారు. వాటిని అప్పజెప్పడానికి ప్రతాప్ అనే మేనేజరు వచ్చాడు. హెడ్మాస్టరు కృపానందం మంచివాడు. ఎవరినీ నొప్పించలేడు, ముఖ్యంగా ఏదైనా ఇచ్చినవాళ్ళను. మేనేజరును గదులన్నీ తిప్పి, బియ్యం గదికీ తీసుకొచ్చాడు. అక్కడ సత్యవేణి నన్ను సిద్ధం చేసి నిలబడింది. మొత్తం చెప్పి, రెండు వానలూ కురిపించి, చివర్న, "మీరు పూడుస్తున్నది ఇదేనండి" అంది.

ప్రతాప్ చప్పట్లు కొట్టాడు. "భలే ఉందమ్మా! ఎంత బాగా చెప్పావు!" అని హెడ్మాస్టరు వైపు తిరిగాడు. "సార్, ఇలాంటి తొట్టి మా సైటాఫీసులో ఉంటే అదిరిపోద్ది. మన వెంచరు మొత్తం ఇందులో కట్టి పెట్టొచ్చు. కొనేవాళ్ళకి కళ్ళక్కట్టినట్టుంటది."

ఆ పిల్ల అన్న మాట అతని చెవిన పడిందిగానీ లోపలికి వెళ్ళలేదు. మనుషుల చెవులు ఇలా కూడా ఉంటాయని నాకు అప్పటిదాకా తెలియదు.

"దాందేముందండి, పట్టుకెళ్ళండి" అన్నాడు కృపానందం.

"సార్, అది పిల్లలది" అంది సుభాషిణి.

"అడిగారు కదమ్మా. వాళ్ళు ఇన్ని బెంచీలిచ్చారు. మనం ఒక తొట్టి ఇవ్వలేమా?"

ఆమె సత్యవేణి ముఖం చూసి, ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. నన్ను జీపు ఎక్కించారు.

సైటాఫీసు గ్రావెల్ మెరక మీదే, ఏటి అంచున కట్టిన రేకుల గది. అక్కడ నాలో ఇంకో మొగను కట్టారు. నీలం కాగితం ఏరు, నీలం కాగితమే సముద్రం. ప్లాస్టిక్ చెట్లు. ఎర్ర కప్పుల థర్మోకోల్ మేడలు. ఏటి ఒడ్డున బెంచీ మీద వేలెడంత మొగుడూ పెళ్ళాం. చుక్క నీరు లేదు. నీటికోసం పుట్టిన నేను ఎండిపోయి, మేడలు మోస్తూ కూర్చున్నాను. కొనడానికి వచ్చినవాళ్ళు నా మీద వంగి, "సముద్రం ఎంత దూరమండి?" అని అడిగేవాళ్ళు. "నడిచెళ్ళొచ్చు సార్" అనేవాడు ప్రతాప్. సముద్రం వాళ్ళ దగ్గరికి నడిచి వస్తుందా అని మాత్రం ఒక్కరూ అడగలేదు.

కిటికీలోంచి నాకు టిప్పరు కనిపించేది. అది వెనక తొట్టి పైకెత్తి, ఎర్రటి గుట్టను మడ మీద కుమ్మరించేది. బొరియల్లోంచి పీతలు బయటపడి, ఎటు పోవాలో తెలియక పక్కచూపులు చూస్తూ పరుగెత్తేవి. పోలరాజు అప్పుడప్పుడు మంచినీళ్ళకని ఆఫీసులోకి వచ్చేవాడు. గ్లాసు పట్టుకుని నా ముందు ఒక్క క్షణం నిలబడేవాడు. మేడలను చూసేవాడు. గ్లాసు బోర్లించి వెళ్ళిపోయేవాడు. ఆదివారాలు ఎవరూ వచ్చేవారు కాదు. బియ్యం గదిలో మధ్యాహ్నాలు వినబడే క్యారియరు చప్పుడు తలుచుకుంటూ ఉండేదాన్ని. అలా ఒక వేసవీ ఒక తొలకరీ గడిచాయి.

ఆశ్వయుజంలో వాయుగుండం పట్టింది. రోజుల తరబడి వాన. ఎగువనుంచి ఏరు నిండుగా దిగుతోంది, పున్నమి పోటుకు సముద్రం ఎదురు తోస్తోంది. మధ్యలో నీళ్ళు పరుచుకోవడానికి మునుపు మడ ఉండేది. ఇప్పుడు నేనున్న మెరక ఉంది. పరుచుకోవడానికి చోటు లేక నీళ్ళు పక్కకు తిరిగి పాలెంలోకి వెళ్ళాయి. తెల్లవారాక జనం గుంపులుగా మెరక ఎక్కడం మొదలుపెట్టారు. ఇళ్ళలో నడుంలోతు, బళ్ళో కొత్త బెంచీలు తేలుతున్నాయట. చుట్టుపక్కల ఎత్తయిన నేల అదొక్కటే. తమను ముంచినదాని మీదికే తలదాచుకోవడానికి వచ్చారు పాపం.

ఆఫీసుకు తాళం. వాచ్‌మన్ ముందురోజే వెళ్ళిపోయాడు. పోలరాజు టిప్పరు జాకీ కడ్డీతో తాళం పగలగొట్టాడు. ముసలివాళ్ళనూ చంటిపిల్లలనూ లోపల కూర్చోబెట్టారు. సుభాషిణి ఎవరి బిడ్డనో చంకనేసుకుని, చీర నడుందాకా తడిసి వచ్చింది. నన్ను చూసి, వచ్చి నా పక్కనే గోడకు చేరగిలబడింది. చుట్టూ కనుచూపుమేర నీళ్ళే. తాగడానికి గుక్కెడు లేదు. బోరింగు మునిగిపోయింది. ఏటి నీరు ఉప్పు, బురద. చంటిపిల్లలు ఏడ్చి ఏడ్చి గొంతులు పోగొట్టుకుంటున్నారు.

"టీచర్, మన తొట్టి!"

సత్యవేణి నా మీదికి వంగి, మేడలను పీకి పారేసింది. చెట్లు, కాగితం సముద్రం, బెంచీ మీద మొగుడూ పెళ్ళాం, అన్నీ కిటికీలోంచి బయటికి పోయాయి. పోలరాజూ, వాళ్ళ పక్కింటాయనా చెరోవైపు నన్నెత్తి, వరండాలోకి తెచ్చి, రేకుల చూరు కింద పట్టుకున్నారు. మొదటి నీళ్ళు తుప్పురంగులో వచ్చాయి. పారబోశారు. మళ్ళీ పట్టారు. ఈసారి తేటగా నిండాయి. నిండిన నేను ఎంత బరువో జానీబాషాకే తెలుసు. పోలరాజు పట్టు జారుతోంది, నేను అతని వైపు ఒరుగుతున్నాను.

"నాన్నా, నీ వైపు ఎత్తు! ఒలికిపోతంది" అంది సత్యవేణి.

ఆ గోలలో ఎవరికీ అందులో వింత కనపడలేదు. సత్యవేణి తల్లి మాత్రం గిరుక్కున తిరిగి చూసింది. సుభాషిణి బిడ్డను ఇంకో భుజం మీదికి మార్చుకునే నెపంతో ముఖం పక్కకు తిప్పుకుంది.

"ఎత్తానమ్మా" అన్నాడు పోలరాజు. "ఎత్తాను. సరిపోద్దా?"

"ఆఁ. అలా ఉంచు."

దోసిళ్ళతో, డబ్బా మూతలతో, టీ గ్లాసులతో నాలోంచి తాగారు. నాలోకి ఎన్నిసార్లు నీళ్ళు పోసి ఉంటారో, అవి ఒక గొంతు తడపడం అదే మొదటిసారి. ఒక ముసలామె తాగి, తడిచేత్తో నా అంచు నిమిరి, "సల్లగుండు" అంది.

మధ్యాహ్నం దాటాక వాన తెరిపిచ్చింది. బతికామనుకున్నారు. పోలరాజు ఒక్కడే మెరక అంచుదాకా వెళ్ళి, వంగి చూసి, కదలకుండా నిలబడ్డాడు. అంచు పొడుగునా సన్నటి బీట. చూస్తూ ఉండగానే అవతలి ముక్క ముద్దగా విరిగి ఏట్లోకి జారింది. నీళ్ళు ఎర్రబడ్డాయి. అతను వెనక్కి పరుగెత్తుకొచ్చాడు.

"ఇంకిక్కడొద్దు! అందరూ టిప్పరెక్కండి. చెరువులకవతల పెద్దరోడ్డు మీదికి పోదాం."

"బండి కూడా మునిగిపోద్దిరా. ఇంతెత్తు మెరక ఎక్కడికి పోద్ది?" అన్నాడు పక్కింటాయన.

"పోద్ది. నేను చూశాను."

"ఎక్కడ చూశావు?"

"బళ్ళో" అన్నాడు పోలరాజు.

గ్రావెల్ తోలిన టిప్పరు తొట్లోనే మనుషులను ఎక్కించాడు. ముసలివాళ్ళను చేతుల మీద అందించారు. సుభాషిణి ఎక్కే ముందు ఒకసారి వరండా వైపు చూసింది. నన్ను తేవడానికి చోటూ లేదు, వ్యవధీ లేదు. ఆమె తెస్తానన్నా నేను ఒప్పుకునేదాన్ని కాదు. సత్యవేణి ముందు సీట్లో నాన్న పక్కన కూర్చుని, కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇటు లోతు, అటు తిప్పు" అని దారి చెబుతూ ఉంటే బండి నీళ్ళను చీల్చుకుంటూ పోయింది. ఒక్క ప్రాణమూ పోలేదని ఆ తర్వాత సర్వేకు వచ్చినవాళ్ళు చెప్పుకుంటూ ఉంటే విన్నాను.

బండి కనుమరుగైన కాసేపటికి ఆఫీసు ముందుభాగం కుంగింది. వరండాతో పాటు నేనూ జారాను. ఒక పక్క పలక నిలువునా పగిలి, ఏటి అంచున బురదలో సగం కూరుకుని ఆగాను. తాగగా మిగిలిన మంచినీళ్ళు ఏట్లో కలిసిపోయాయి.

లేఔటు ఆగిపోయింది. స్థలాల రాళ్ళు తలో దిక్కుకూ ఒరిగాయి. ప్రతాప్ మళ్ళీ రాలేదు. న్యాయం జరిగిందని చెప్పడానికి మాత్రం లేదు. జారిన గ్రావెల్ అంతా మొగకు అడ్డంగా మేట వేసింది. పాటు వేళ పడవలు ఇసుకలో కూర్చుండిపోయేవి. వేట సాగక పాలెం కుటుంబాలు ఒక్కొక్కటే సామాన్లు ఆటోలకెత్తి కాకినాడ హార్బరు వైపు పోయాయి. గుడిసెల చోట పొయ్యిరాళ్ళు మిగిలాయి. పిల్లలు లేని బడిని పక్క ఊరి బడిలో కలిపేశారు. ఇదంతా నాకు ఎవరూ పనిగట్టుకుని చెప్పలేదు. పొగ లేని పొద్దులూ, గంట వినబడని ఉదయాలూ, ఒడ్డున పోయేవాళ్ళ మాటలూ చెప్పాయి.

ఒకరోజు పొద్దున్నే, పాటు వేళ, ఇద్దరు మనుషులు నడుచుకుంటూ వచ్చారు. సుభాషిణీ సత్యవేణీ. ఆ పిల్ల ఇంకా పొడుగైంది, గొంతు తగ్గింది. నాకోసం వచ్చారని చెప్పుకోను. మొగను ఒకసారి చూసి పోవడానికి వచ్చారు. కళ్ళు చికిలించి వెతుక్కుని, చివరికి సత్యవేణి నన్ను కనిపెట్టింది. ఇద్దరూ నా దగ్గర కూర్చున్నారు.

"ఎక్కడికి వేశారు టీచర్ మిమ్మల్ని?"

"ఏజెన్సీ వైపు. కొండలట. ఏరుందో లేదో తెలీదు. నీ హాస్టలెలా ఉంది?"

"బానే ఉందండి. అన్నం బాగోదు."

"నాన్న?"

"ఐసు లారీ తోల్తన్నాడండి. ఆదివారం నన్ను చూడ్డానికొచ్చి, వాగుతానే ఉంటాడు. బస్సెళ్ళిపోద్ది నాన్నా అన్నా వినడు."

సుభాషిణి నవ్వింది. ఆమె నవ్వగా నేను చూడటం చాలా తక్కువ. తర్వాత ఇద్దరూ ఎర్రటి మేట వైపు తిరిగారు.

"టీచర్, ఆవేళ పీచు తీసేశాం గదా. మళ్ళీ పెట్టి చూళ్ళేదు మనం."

"లేదు."

"పెడితే ఏమయ్యేదండి?"

"ఏమో. చూద్దామనే అనుకున్నాను. బెల్లు కొట్టేశారు."

సత్యవేణి లేచి, పోటు కొట్టుకొచ్చిన చెత్తలో వెతికింది. చిక్కుడుకాయంత పొడుగున, కొన పచ్చగా ఉన్న మడకాయలు, గుచ్చితే మొలిచేవి, కొన్ని దొరికాయి. లంగా పైకి దోపుకుని, నా వెనకవైపు బురదలోకి దిగింది. సుభాషిణి చెప్పులు విడిచి తనూ దిగింది. ఒకరు గుంట చేస్తూ ఉంటే ఒకరు కాయ గుచ్చుతున్నట్టు చప్పుడును బట్టి తెలిసింది. బురద మోకాళ్ళను వదిలినప్పుడల్లా చిన్న శబ్దం. ఏవో మాట్లాడుకున్నారు. ఒకసారి సత్యవేణి పెద్దగా నవ్వింది. పోటు మొదలై నా పగులులోంచి నీరు లోపలికి రావడం మొదలుపెట్టింది.

"నీళ్ళొచ్చేస్తున్నాయి, పద" అంది సుభాషిణి.

వెళ్ళిపోయారు. అది జరిగి చాన్నాళ్ళయింది. రోజుకు రెండుసార్లు నీళ్ళు నాలోకి వస్తాయి, రెండుసార్లు పోతాయి. ఒక బుల్లి పీత కొన్నాళ్ళు ఉండి వెళ్ళింది. సముద్రం వైపు నా అద్దం శుభ్రంగానే ఉంది. వాళ్ళు నాటిన వైపు పలకను మాత్రం గ్రావెల్ పైదాకా కప్పేసింది. ఆ కాయలు వేళ్ళు పట్టాయో, మొదటి పోటుకే కొట్టుకుపోయాయో నాకు కనపడదు.